ఒకటా, రెండా?

టాంజానియా దేశంలో మగోంబెరా అని ఒక చిన్న అడవి ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆండ్రూ మార్షల్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడ కోతులను పరిశీలిస్తూ తిరుగుతుండగా ఒక చెట్టుపాము ఎదురైంది. సన్నని ఎండుపుల్లలా ఉండే పాము అది. మనిషిని చూసి బెదిరి, నోట్లో ఉన్న ఆహారాన్ని కక్కి పారిపోయింది. కింద పడినదేమిటా అని చూస్తే చచ్చిన ఊసరవెల్లి! శాస్త్రలోకం అంతవరకు ఎరుగని ఊసరవెల్లి. 2009లో దానికి కిన్యోంగియా మగోంబెరే అని పేరు పెట్టారు.

ఈ కథ వింటే ఎవరికైనా నవ్వు వస్తుంది. ఇంతకీ కొత్త జంతువును కనుగొన్నది ఎవరు, మార్షలా, పామా?

ఆ క్షణంలో ఇద్దరూ కనుగొనలేదనే నేనంటాను. పాముకు కనిపించింది తిండి. మార్షల్‌కు కనిపించింది చచ్చిన ఊసరవెల్లి. అది ఇదివరకే పేరున్న ఊసరవెల్లి అయి ఉండవచ్చు కదా! టాంజానియా కొండల్లో దాని దాయాదులు చాలానే ఉన్నాయి. దాని తలమీది పొలుసులను, ముక్కుపై పొడుచుకొచ్చిన భాగాన్ని ఆ దాయాదులతో పోల్చాలి. జన్యువులను పరీక్షించాలి. దగ్గరలోని ఉద్‌జుంగ్వా కొండల్లో అలాంటిదే మరొకటి దొరికింది. అదీ ఇదీ ఒకటేనా అని చూడాలి. ఇదంతా అయ్యాక, బల్ల ముందు కూర్చున్న నలుగురైదుగురు 'అవును, ఇది వేరే' అన్న రోజున అది కనుగొనబడింది.

ఆఫ్రికాలో కొత్త సరీసృపాలు దొరికాయని పత్రికల్లో చదవగానే మన మనసులో సినిమా బొమ్మలు ఆడతాయి. పెద్ద టోపీ, మోకాళ్ళ దాకా బూట్లు, దట్టమైన అడవి, బుస్సుమనే పాము! ఆ బొమ్మలో నిజం లేకపోలేదు. అడవికి వెళ్ళక తప్పదు, అక్కడ ప్రమాదమూ తప్పదు. కాని ఆ బొమ్మను నమ్ముకుంటే అసలు పనిని మరచిపోతాం. అసలు పని చాలా నెమ్మదిగా, విసుగు పుట్టించేలా సాగుతుంది. పాము నడుం చుట్టూ పొలుసులు ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టడం, పొట్టకింద అడ్డపట్టీలు ఎన్నో రాసుకోవడం, నూరేళ్ళనాటి సీసాల్లోని నమూనాలతో సరిచూసుకోవడం, ఇదే ఆ పని. ఈ లెక్కలన్నీ చివరకు ఒకే ప్రశ్నకు జవాబు వెతుకుతాయి. ఇవి ఒకటా, రెండా?

'ఒకటైతే ఏం, రెండైతే ఏం? రెండూ పాములే కదా!' అనేవాళ్ళు పెద్దవాళ్ళలో కూడా ఉన్నారు. ఇది పని లేనివాళ్ళ పని అని వాళ్ళ అభిప్రాయం. ఆ అభిప్రాయం తప్పు. ఎందుకు తప్పో ముందు కెన్యాకు వెళ్ళి చూద్దాం.

కెన్యా సముద్రతీరంలో వటాము అనే ఊరు ఉంది. జేమ్స్ ఆష్ అనే ఆయన అక్కడ పాములను పెంచే ఒక కేంద్రాన్ని స్థాపించారు. ఆ ప్రాంతంలో విషం చిమ్మే త్రాచులు తిరుగుతుంటాయి. వాటికి కాటు వేయవలసిన అవసరం లేదు. కోరల్లోని రంధ్రాల గుండా విషాన్ని ఎదుటివాడి కళ్ళలోకి చిమ్మగలవు. వాటిలో బాగా పెద్దగా, గోధుమరంగులో ఉండేవి కొన్ని ఉన్నాయి. అవి మామూలు నల్లమెడ త్రాచులే, కాకపోతే రంగు వేరు అని పుస్తకాలు చెప్పేవి. ఇవి వేరే జాతి అయి ఉంటాయని ఆష్‌కు 1960ల్లోనే అనుమానం కలిగింది. రోజూ వాటి మధ్య తిరిగే మనిషికి కలిగిన అనుమానం అది. కాని అనుమానం వేరు, రుజువు వేరు. వోల్ఫ్‌గాంగ్ వూస్టర్, డొనాల్డ్ బ్రాడ్లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నమూనాలన్నీ పోల్చి, జన్యువులను పరీక్షించి, ఇది నిజంగానే వేరే త్రాచు అని 2007లో ప్రకటించారు. నాజా ఆషీ అని పేరు పెట్టారు. ఎవరి పేరో చెప్పనక్కరలేదు. అప్పటికి ఆష్ బతికి లేరు.

ఆ పాము ఏమంత చిన్నదీ కాదు, గుహలో దాక్కున్నదీ కాదు. రెండున్నర మీటర్లు దాటి పెరుగుతుంది. ఊళ్ళ చుట్టూ తిరుగుతుంది, కోళ్ళను పట్టుకుపోతుంది. వేలమంది దాన్ని చూశారు. అయినా ఇరవయ్యొకటో శతాబ్దం వచ్చేదాకా దానికి స్వంత పేరు లేదు. చూడడానికీ కనుగొనడానికీ ఉన్న తేడా ఇదే.

పేరు వస్తే ఏం ఒరిగింది అంటారా? 2004లో వటాము కేంద్రంలో ఈ రకపు పెద్ద త్రాచు ఒకదాని విషం తీస్తే ఒక్కసారికే 6.2 మిల్లీలీటర్లు వచ్చింది. టీ చెంచా నిండి ఇంకా మిగిలేంత! అంత విషం ఒంట్లోకి ఎక్కించగల పామును, దానికన్నా చిన్నదైన నల్లమెడ త్రాచు లెక్కలో వేసి వైద్యం చేస్తే ఏమవుతుంది? డాక్టరు చేతిలోని పుస్తకంలో ఆ పాము పేరే లేకపోతే, దాని కాటుకు ఎంత మందు ఎక్కించాలో ఆ పుస్తకం ఎలా చెబుతుంది?

పాముకాటు మందు ఎలా తయారవుతుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పాము విషాన్ని చాలా కొద్ది మోతాదులో గుర్రానికి ఎక్కిస్తారు. గుర్రం ఒంట్లో ఆ విషాన్ని ఎదిరించే పదార్థాలు పుడతాయి. దాని రక్తం కొంత తీసి, అందులోంచి ఆ పదార్థాలను వేరుచేసి మందుగా మారుస్తారు. ఒక తాళంచెవి ఒక తాళానికే పట్టినట్టు, ఏ పాము విషంతో తయారైన మందు ఆ పాము విషాన్నే బాగా పట్టుకుంటుంది. దగ్గరి చుట్టాల విషాలను కొంతవరకు పట్టుకోవచ్చు, ఒక్కోసారి బొత్తిగా పట్టుకోలేకపోవచ్చు.

మన పొలాల్లో చిన్న పింజరి అనే పాము ఉంటుంది. ఒంటి పొలుసులను ఒకదానితో ఒకటి రంపంలా రాపాడించి సరసరమని చప్పుడు చేస్తుంది. మన దేశంలో తయారయ్యే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరులతోపాటు దీనికీ పనిచేస్తుంది. పశ్చిమ ఆఫ్రికా పచ్చికబయళ్ళలోనూ అచ్చం ఇలాంటి పామే ఉంది. అదే రాపిడి, అదే చప్పుడు. అక్కడి పల్లెల్లో దీని కాటుకు చనిపోయేవాళ్ళు ఎక్కువ. కాటు పడ్డవాడి రక్తం గడ్డకట్టడం మానేస్తుంది, చిగుళ్ళనుంచి కూడా నెత్తురు కారుతుంది. దీన్ని గుర్తించడానికి వైద్యులు చేసే పరీక్ష చాలా తేలిక. శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే.

ఈ రెండు పాములనూ చాలాకాలం ఒకే పేరుతో పిలిచారు. ఆఫ్రికా పామును 1970లో ఉపజాతిగా వేరుపరిచారు. అది స్వంతంగా ఒక జాతి అని ఆ తరువాతనే ఒప్పుకున్నారు. ఇప్పుడు ఘనా దేశంలో జరిగిన సంగతి వినండి. అక్కడ వాడుతున్న ఒక మందు స్థానంలో భారతదేశంలో తయారైన మరో మందు వచ్చింది. పాత మందు వాడినప్పుడు ఈ పాము కరచిన ప్రతి వందమందిలో చనిపోయింది సగటున 1.8 మంది. కొత్త మందు వచ్చాక ఆ సంఖ్య 12.1కి పెరిగింది. వైద్యులు ఈ లెక్కలను 2008లో ప్రకటించారు. ఇండియా పాముల విషంతో తయారైన మందులను ఆఫ్రికా పాములకంటూ అమ్ముతున్నారని నిపుణులు అప్పుడే గట్టిగా ఎత్తి చూపారు. సీసామీద రాసిన పాము పేరు చూసి మందు కొన్నవాళ్ళకు, ఆ పేరు వెనుక రెండు వేర్వేరు పాములున్నాయని ఎవరు చెప్పాలి? పొలుసులు లెక్కపెట్టే 'పని లేనివాళ్ళే' చెప్పాలి. చెప్పారు కూడా. వాళ్ళ మాట మందు కొనే బల్ల దాకా చేరలేదు, అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పాము రెండు జాతులుగా తేలినంత మాత్రాన మందు మార్చితీరాలని కాదు. ఆ పశ్చిమ ఆఫ్రికా పామునే 2018లో జాన్ ఫ్రాన్స్వా త్రాప్ మళ్ళీ విడదీసి, తూర్పువైపు దానికి కొత్త పేరు పెట్టారు. రెండింటి విషాలూ ఒకేలా పనిచేస్తాయా లేదా అన్నది ప్రయోగశాలలో తేలవలసిన సంగతి. పేరు ఆ ప్రశ్నకు జవాబు కాదు. కాని పేరు లేకపోతే ఆ ప్రశ్న అడగాలని కూడా ఎవరికీ తోచదు. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఏటా నాలుగు లక్షలకు పైగా పాముకాట్లకు వైద్యం అవసరమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అదే సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా పేరు విన్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: నిర్లక్ష్యానికి గురైనది వ్యాధి కాదు, దాని బారినపడే పేదవాళ్ళు.

పాముల మాట అలా ఉంచి మొసళ్ళ దగ్గరకు వద్దాం. మొసళ్ళ విషయంలో ప్రాణాపాయం మనిషికి కాదు, మొసలికే.

1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తినపుడు సైన్యంతోపాటు శాస్త్రజ్ఞులను కూడా తీసుకెళ్ళాడు. వారిలో జాఫ్రా సెంట్ హిలేర్ ఒకరు. ప్రాచీన ఈజిప్టు ప్రజలు మొసలిని దేవుడిగా కొలిచి, చనిపోయిన మొసళ్ళకు కూడా మసాలాలు పూసి, గుడ్డలు చుట్టి భద్రపరిచేవారు. జాఫ్రా ఆ మొసలి మమ్మీలను పరిశీలించి, ఇది నైలునది మొసలి కాదు, మరో జాతి అని 1807లో ప్రకటించారు. క్రోకడైలస్ సూకస్ అని పేరు పెట్టారు. ఆ మాట చెల్లలేదు. ఆఫ్రికా నదుల్లోని పెద్ద మొసళ్ళన్నీ నైలు మొసళ్ళేనన్న అభిప్రాయమే నిలిచిపోయింది.

రెండువందల ఏళ్ళు గడిచాయి. ఎవాన్ హెక్కలా అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ఆఫ్రికాలోని పలు దేశాల మొసళ్ళనుంచి, మ్యూజియముల్లోని మమ్మీలనుంచి డి.ఎన్.ఏ. తీసి పోల్చారు. 2011లో ఫలితం వచ్చింది. జాఫ్రా చెప్పిందే నిజం! ఒకటి కాదు, రెండు. అంతేకాదు, ఈ రెండూ తోబుట్టువులు కూడా కావు. నైలు మొసలికి సూకస్ కన్నా అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున, అమెరికా ఖండాల్లో ఉన్న మొసళ్ళే దగ్గరి చుట్టాలు. రెండువేల ఏళ్ళ క్రితం చచ్చిన మొసళ్ళు తమ తరఫున తామే సాక్ష్యం చెప్పుకున్నట్టయింది.

సూకస్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో ఉంటుంది. నైలు మొసలి కన్నా చిన్నది. చాద్ దేశంలో, సహారా నడిబొడ్డున, రాళ్ళ మధ్య ఉన్న ఒక మడుగులో కూడా కొన్ని బతుకుతున్నాయి. బుర్కినా ఫాసోలోని బజూలే గ్రామంలో అవి పవిత్రమైనవి. ఊరివాళ్ళు వాటి పక్కనే నీళ్ళు తోడుకుంటారు. ఇన్నాళ్ళూ ఈ మొసళ్ళను నైలు మొసళ్ళ లెక్కలోనే కలిపారు. 'ఆఫ్రికాలో నైలు మొసళ్ళు దండిగా ఉన్నాయి, భయం లేదు' అన్న ధైర్యం ఆ లెక్కనుంచి వచ్చిందే. పశ్చిమాన సూకస్ తగ్గిపోతున్నా, తూర్పున ఉన్న నైలు మొసళ్ళ సంఖ్య దాన్ని కప్పిపెట్టింది.

ఇంకో మొసలి సంగతి ఇంతకన్నా కష్టం. సన్నని పొడవాటి మూతి ఉన్న మొసలి ఒకటి ఆఫ్రికా అడవి నదుల్లో ఉంది. మాథ్యూ షర్లీ, ఆయన సహచరులు చాలా ఏళ్ళు పలు దేశాల్లో తిరిగి, నమూనాలు సేకరించి, ఇది కూడా ఒకటి కాదు రెండు అని 2018లో తేల్చారు. ఒకటి పశ్చిమ ఆఫ్రికాది, మరొకటి మధ్య ఆఫ్రికాది. కామెరూన్ ప్రాంతపు అగ్నిపర్వతాల వరుస లేచినపుడు రెండూ విడిపోయి దాదాపు 80 లక్షల సంవత్సరాలు అయిందట. విడదీసి లెక్కపెడితే పశ్చిమ ఆఫ్రికాలో అడవుల్లో మిగిలినవి సుమారు 500 అని అంచనా వేశారు. ఐదువందలు! మీ బడిలో పిల్లలు అంతకన్నా ఎక్కువమందే ఉంటారు. కలిపి ఉంచిన లెక్కలో ఈ ఐదువందలు కనిపించనే కనిపించవు. ఒకటా రెండా అన్న ప్రశ్నకు ఆలస్యంగా జవాబిస్తే, రెండో దాని పేరు రాసేసరికి అది మిగలకపోవచ్చు.

ఇంత ముఖ్యమైన పని ఇంత ఆలస్యంగా ఎందుకు జరుగుతోంది? కారణాలు చాలా ఉన్నాయి. అడవులు దూరం, యుద్ధాలు, డబ్బు లేమి. నాకు మాత్రం పెద్దదిగా కనిపించే కారణం వేరే ఉంది. జంతువు ఒకచోట, దాని నమూనా మరోచోట.

కొత్త జాతికి పేరు పెట్టేటపుడు ఒక నమూనాను ఎంచుకుని, 'ఈ పేరు దీనిది' అని ప్రకటిస్తారు. దాన్ని ప్రమాణ నమూనా అందాం. రేపు ఎవరికైనా సందేహం వస్తే ఆ నమూనా దగ్గరకే వెళ్ళాలి. దుకాణంలోని తూకపురాయి సరైనదో కాదో తేల్చడానికి ప్రభుత్వం దగ్గర అసలు రాయి ఉన్నట్టే ఇది. మరి ఆఫ్రికా సరీసృపాల అసలు రాళ్ళు ఎక్కడున్నాయి? ఎక్కువ భాగం లండన్, పారిస్, బెర్లిన్, బ్రస్సెల్స్, అమెరికాలోని హార్వర్డ్ మ్యూజియముల్లో. వలసపాలన కాలంలో ఓడలెక్కి వెళ్ళినవి తిరిగి రాలేదు.

అంగోలా కథ చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో జోజె ద అంషియెటా అనే పోర్చుగీసు దేశస్థుడు అంగోలాలో మూడు దశాబ్దాలు తిరిగి జంతువులను సేకరించి లిస్బన్‌కు పంపాడు. అక్కడ బార్బోజా దు బొకాజ్ అనే పండితుడు వాటిని పరిశీలించి, పేర్లు పెట్టి, 1895లో అంగోలా, కాంగోల సరీసృపాల మీద పెద్ద గ్రంథం ప్రకటించారు. 1978 మార్చిలో లిస్బన్ మ్యూజియము అంటుకుంది. ఆ నమూనాలు బూడిదయ్యాయి. అప్పటికి అంగోలాలో అంతర్యుద్ధం మొదలై మూడేళ్ళు. అది 2002 దాకా సాగింది. అంటే అసలు రాయి కాలిపోయింది, కొత్త రాయి తెచ్చుకుందామంటే దారిలో తుపాకులు, మందుపాతరలు. ఒక దేశపు పాముల పేర్లు పావు శతాబ్దం పాటు గాలిలో వేలాడాయి. ఇప్పుడు ఆయా చోట్లకే మళ్ళీ వెళ్ళి కొత్త నమూనాలు తెచ్చుకుంటూ పాత పేర్లను ఒక్కొక్కటే నిలబెట్టుకుంటున్నారు.

'ఐరోపాలో అయితే భద్రంగా ఉంటాయి' అనే వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. లిస్బన్ మంటలు ఆ వాదనకు జవాబు చెప్పాయని నేననుకుంటాను. ఇథియోపియా విద్యార్థి తన ఊరి బల్లి పేరు తెలుసుకోవాలంటే వీసా, విమానం టిక్కెట్టు సంపాదించుకోవలసిరావడం న్యాయం కాదు. అది పనిని నత్తనడక నడిపిస్తుంది కూడా. జింబాబ్వేలోని బులవాయో మ్యూజియములో ఆఫ్రికా ఖండంలోనే పెద్ద సరీసృపాల సేకరణ ఒకటి ఉంది. పైన చెప్పిన డొనాల్డ్ బ్రాడ్లీ దాన్ని పెంచి పోషించారు. నాజా ఆషీని తేల్చిన ఇద్దరిలో ఒకరు బులవాయో మనిషి కావడం కాకతాళీయం కాదు. పోల్చి చూసుకోవడానికి నమూనాలు దగ్గరున్నచోటే ఒకటా రెండా అన్న ప్రశ్న తెగుతుంది. అలాంటి సేకరణలు ఆఫ్రికాలో పది చోట్ల ఉండాలి. వాటికి జీతం ఇచ్చే ఉద్యోగాలు ఉండాలి. కొత్త జాతి దొరికిన రోజున పత్రికల్లో ఫోటో వేసే దాతలు, సీసాల్లో ఆవిరైపోయే ఆల్కహాలు నింపడానికి డబ్బు ఇవ్వరు.

ఆ ఊరి మనుషుల మాటను తేలికగా తీసుకుంటే ఏమవుతుందో సావో తోమే ద్వీపం చెబుతుంది. ఆఫ్రికా పశ్చిమ తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న ఆ ద్వీపంలో ఒక నల్లత్రాచు ఉంది. స్థానికులు దాన్ని 'కోబ్రా ప్రెతా', అంటే నల్లపాము అంటారు. కోకో తోటల్లో ఎలుకలను తినడానికి పోర్చుగీసువాళ్ళే దాన్ని ప్రధాన భూభాగంనుంచి తెచ్చి వదిలారని ఒక కథ పుట్టింది, అందరూ నమ్మారు. బయటినుంచి తెచ్చిన పామును కాపాడడం ఎందుకని ఎవరూ పట్టించుకోలేదు. లూయిస్ సెరియాకో బృందం పాత రాతప్రతులు వెతికితే, కోకో తోటలు పుట్టడానికి ఎంతో ముందే అక్కడ నల్లపాము ఉన్నట్టు తేలింది. జన్యువులు చూస్తే అది ప్రపంచంలో మరెక్కడా లేని త్రాచు. 2017లో నాజా పెరోఎస్కోబారీ అని పేరు పెట్టారు. ఆ ద్వీపానికి మొదట చేరిన పోర్చుగీసు నావికుడి పేరు అది. ఆ పని గొప్పదే గాని, పేరు నాకు నచ్చలేదు. పాము ఆ ద్వీపంలో నావికుడికన్నా ఎంతో ముందునుంచీ ఉంది. నియమం ప్రకారం ఒకసారి పెట్టిన పేరు నచ్చలేదని మార్చరు గనక నా అభిప్రాయం నా దగ్గరే ఉండాలి. స్వాహిలీ భాషలో ఊసరవెల్లిని 'కిన్యోంగా' అంటారు. మగోంబెరా ఊసరవెల్లి ఇంటిపేరు అందులోంచే వచ్చింది. మలావీ ప్రజల చిచేవా భాషలోని 'నద్జికాంబే' అనే మాటనుంచి మరో ఊసరవెల్లి ప్రజాతికి నద్జికాంబియా అని పేరొచ్చింది. ఇవి బాగున్నాయి.

పేరు వల్ల మేలే కాదు, కీడు కూడా జరుగుతుంది. ఇది దాచకూడదు. టాంజానియాలోని కింబోజా అడవిలో మెరిసే నీలిరంగు బుల్లి బల్లి ఉంది. మొగలి జాతి చెట్ల ఆకుల మొదళ్ళలో అది కాపురం ఉంటుంది. దాని అందం విదేశాల్లో పెంపుడు జంతువుల వ్యాపారుల కంటపడింది. 2004నుంచి 2009 వరకు ఒక ముఠాయే 30 వేలకు పైగా బల్లులను పట్టుకుపోయింది. పట్టడం తేలిక కావాలని చెట్లనే నరికారు. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఈ వ్యాపారాన్ని నిషేధించింది. అందుకే 2011లో టాంజానియాలోనే నలుపు పసుపు రంగుల్లో కళ్ళపై కొమ్ములున్న ఒక పొదపామును కొత్తదని ప్రకటించినపుడు, అది ఏ అడవిలో దొరికిందో శాస్త్రజ్ఞులు రాయలేదు. శాస్త్రంలో దాపరికం ఉండకూడదని మనం చదువుకుంటాం. ఈ ఒక్క దాపరికాన్ని మాత్రం నేను సమర్థిస్తాను.

'నమూనా కోసం జంతువును చంపడం పాపం కాదా?' అని మీలో కొందరు అడుగుతారు. అడగవలసిందే. వీలైనంత తక్కువ తీసుకోవాలి, చాలినపుడు తోక చివర చిన్న ముక్కతో సరిపెట్టుకోవాలి. కాని ఒక్క నమూనా కూడా లేకపోతే ఆ జాతి తరఫున రేపు వాదించడానికి ఆధారం ఉండదు. ఒక అడవి నరికిన రోజున ఎన్ని చచ్చాయో ఎవరూ లెక్క రాయరు. సీసాలో ఉన్నదానికి కనీసం తేదీ, చోటు రాసి ఉంటాయి.

మలావీ దక్షిణ కొసన మలావీ హిల్స్ అనే కొండలున్నాయి. అక్కడి అడవిలో చిటికెనవేలంత ఊసరవెల్లి ఉంది. అయిదున్నర సెంటీమీటర్లకు మించదు. 1992లో కాలిన్ టిల్బరీ దానికి రాంఫోలియన్ చాప్‌మనోరమ్ అని పేరు పెట్టారు. అప్పటికే అడవి తరిగిపోతోంది. ముందుజాగ్రత్తగా 1998లో 37 ఊసరవెల్లులను ఉత్తరాన మికుండీ అనే మరో అడవిలో విడిచిపెట్టారు. తరువాత ఏళ్ళ తరబడి మలావీ హిల్స్‌లో అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిందేమోనన్నారు. ఉపగ్రహ చిత్రాలు చూస్తే 1984నుంచి 2019 మధ్య ఆ కొండల అడవిలో 80 శాతం పోయింది. మిగిలినవి అక్కడొకటి ఇక్కడొకటి తునకలు.

2016లో దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞురాలు క్రిస్టల్ టోలీ బృందం రాత్రిపూట టార్చిలైట్లు పట్టుకుని ఆ తునకల్లోకి వెళ్ళింది. ఊసరవెల్లి నిద్రపోయేటపుడు రంగు వెలసి పాలిపోతుంది. వెలుతురు పడితే ఆకుల మధ్య తెల్లగా కనిపిస్తుంది. మొదటి తునకలో కాలిబాట పక్కనే ఏడు దొరికాయి. రెండో తునకలో పది. మికుండీలో పెద్దవి 21, పిల్లలు 11. ఒక్కొక్క దాని తోక చివరనుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసుకుని, మళ్ళీ అదే కొమ్మమీద వదిలేశారు. ఆ ముక్కల్లోని జన్యువులు చూస్తే, ఒక తునకలోని ఊసరవెల్లులు మరో తునకలోని వాటితో కలవడం మానేశాయని తేలింది. మధ్యనున్నది పొలాలు. చిటికెనవేలంత ప్రాణి ఎండలో పొలం దాటి అవతలి చెట్టు చేరలేదు. 2021లో ఈ ఫలితాలు ప్రకటిస్తూ, ఉన్న తునకలనైనా నరకకుండా ఆపి, వాటి మధ్య మళ్ళీ చెట్లు లేపాలని వాళ్ళు కోరారు.